34 ఏళ్లుగా చర్చిలో ఆర్గన్ వాయిస్తున్నాను, ఇక మానేయొచ్చా?

ప్రశ్న: నాకు 63 ఏళ్లు. మా చర్చిలో 34 ఏళ్లుగా, గాలి గొట్టాలతో మోగే పైపు ఆర్గన్ వాయిస్తున్నాను. జీతం లేదు, నేనెప్పుడూ అడగలేదు. అప్పటి ఆర్గనిస్టు వెళ్లిపోతే, "ఇంకొకరు దొరికేదాకా కాస్త చూసుకోమ్మా" అన్నారు. ఆ ఇంకొకరు ఇంతవరకు దొరకలేదు. ఆదివారం ఆరాధనలు, పెళ్లిళ్లు, అంత్యక్రియలు, చర్చి పాటల బృందం (క్వయర్) ప్రాక్టీసు అన్నీ నేనే చూస్తాను. చర్చి హాల్లో పిల్లలకు ఉచితంగా సంగీతం చెబుతాను. ఏటా ఒక కచేరీ కోసం, చర్చికి రానివాళ్లను కూడా కలుపుకుని ఒక గాయక బృందాన్ని నడుపుతాను. ఏడాదిగా పొద్దున లేచేసరికి వేళ్లు బిగుసుకుపోతున్నాయి. మానేస్తానని మా పాస్టరు అయ్యగారితో అంటే, "దేవుడిచ్చిన తలాంతును (వరాన్ని) పాతిపెట్టకూడదు, మీరు తప్ప ఎవరున్నారు?" అన్నారు. కమిటీలో ఒకాయన, "ఎందుకింత టెన్షన్, పాటలు రికార్డు పెట్టేద్దాం" అన్నారు. ఆ మాట చాలా గుచ్చుకుంది. పియానో నేర్చుకున్న 16 ఏళ్ల అమ్మాయి, రిటైరైన స్కూలు మాస్టారు ఒకరు ఆసక్తి చూపిస్తున్నారు గానీ, ఆర్గన్ అనేసరికి భయపడుతున్నారు. ఇప్పుడు మానేస్తే స్వార్థమవుతుందా? మానేసినా, ఎవరైనా పోయినప్పుడు ఇంటివాళ్లు వచ్చి వాయించమంటే ఎలా కాదనగలను?

సమాధానం: అమ్మా, మానేయడం స్వార్థం కాదు. ఆ మాట ముందే చెప్పేస్తే మిగతాది స్థిమితంగా మాట్లాడుకోవచ్చు. అలాగని వచ్చే ఆదివారం నుంచే మానేయమని నేననను. ఇప్పుడు నడుస్తున్నట్టే ఇంకో ఐదేళ్లు లాగమని అసలే అనను. ఒక తేదీ పెట్టుకోండి. ఇప్పటికి ఏడాది తర్వాత ఏ ఆదివారమైనా సరే, క్యాలెండర్లో గీత పెట్టి, అయ్యగారికీ కమిటీకీ కాగితం మీద రాసి ఇవ్వండి. ఈ ఏడాదిలో మీ పని సగం వాయించడం, సగం అప్పగించడం. ఆ తేదీ దాటాక ఆర్గన్ బెంచీ మీద ఎవరు కూర్చోవాలన్నది సంఘం చూసుకోవాల్సిన విషయం.

ముందు మీ వేళ్ల సంగతి. ఉత్తరంలో దాన్ని ఒక్క వాక్యంలో దాటేసి మళ్లీ సంఘం గురించి బెంగ పెట్టుకున్నారు. పొద్దున్నే వచ్చే ఆ బిగుతు ఎంతసేపు ఉంటోందో కొన్నాళ్లు గడియారం చూసి గమనించండి. వయసుతో వచ్చే కీళ్ల అరుగుదలలో సాధారణంగా అరగంటలోపే వదులవుతుంది. గంట దాటినా వదలకపోతే, వేళ్ల కణుపులు వాచి ఉంటే, అది కీళ్లవాతం కావచ్చు. దానికి మందు ఎంత తొందరగా మొదలుపెడితే కీళ్లు అంత బాగా నిలుస్తాయి. కాబట్టి డాక్టరు దగ్గరికి వెళ్లండి. వెళ్లినప్పుడు, "వారానికి ఇన్ని గంటలు ఆర్గన్ వాయిస్తాను" అని తప్పకుండా చెప్పండి. ఇంటిపని గురించి అడుగుతారు గానీ, ఇలాంటి పని గురించి మనం చెప్పందే వాళ్లకు తట్టదు.

వాయించేటప్పుడు కూడా కొంత భారం తగ్గించుకోవచ్చు. మీది పాతకాలపు మెకానికల్ ఆర్గన్ అయితే, అంటే మీట నొక్కితే సన్నటి కర్ర బద్దలు కదిలి గొట్టం కింద గాలి మూత తెరుచుకునే రకమైతే, రెండు కీబోర్డులను కప్లర్‌తో జతచేసినప్పుడు ప్రతి మీటా బరువెక్కుతుంది. ఒక వేలితో రెండు కీబోర్డుల మూతలు తెరవాల్సి వస్తుంది మరి. ఈ ఏడాది కప్లర్ వాడకం బాగా తగ్గించేయండి. చివరి చరణానికి నిండుదనం కావాలంటే కింది కీబోర్డులోనే ఇంకో స్టాప్, అంటే ఇంకో వరస గొట్టాలను మోగించే పిడి, లాగండి, చాలు. కీర్తనలో మధ్య గొంతులకు ఒకే స్వరం వెంటవెంటనే వస్తే, వేలు ఎత్తి మళ్లీ కొట్టకుండా అలాగే పట్టి ఉంచండి. రాగం నడిచే పై గొంతులో మాత్రం విడివిడిగా వినిపిస్తే సరిపోతుంది. ఇది మీకు తెలియనిది కాదు. కానీ ఏళ్ల అలవాటు మీద ఉన్నప్పుడు చేతులకు ఏది తేలికో చూసుకోవాలన్న ఆలోచనే రాదు.

ఇక "ఇంకొకరు దొరికేదాకా" అన్న మాటకు వద్దాం. ప్యారిస్‌లో సేన్ సుల్పీస్ అనే పెద్ద చర్చి ఉంది. అక్కడ 1870లో షార్ల్ మారీ విదోర్ అనే పాతికేళ్ల యువకుణ్ణి ఆర్గనిస్టుగా తాత్కాలికంగా పెట్టుకున్నారు. ఆ తాత్కాలికం 1933 చివరిదాకా సాగింది. దిగిపోయేనాటికి ఆయనకు 89 ఏళ్లు. మీకు చెప్పిన మాటా, ఆయనకు చెప్పిన మాటా దాదాపు ఒకటే. కానీ అక్కడ ఒక తేడా ఉంది, మీరు చూడాల్సింది దాన్నే. 1906లోనే మార్సెల్ దుప్రే అనే కుర్రవాడు ఆయనకు సహాయకుడిగా చేరాడు. 1934లో విదోర్ స్థానంలో కూర్చున్నది అతనే. అంటే 27 ఏళ్ల పాటు పక్కన ఒక మనిషి ఉన్నాడు. పెద్దాయనకు ఒంట్లో బాగాలేకపోతే, ఊరెళితే, బెంచీ ఖాళీగా ఉండేది కాదు. మీ పక్కన 34 ఏళ్లుగా ఎవరూ లేరు. ఎందుకు లేరంటే మీరు ఏనాడూ గైరుహాజరు కాలేదు, అందువల్ల ఎవరికీ ఆ అవసరం కనపడలేదు. ఇది మీ తప్పని అనడం లేదు. మీ నమ్మకత్వమే సంఘానికి ఆ ఖాళీ కనపడకుండా చేసింది.

డబ్బు విషయంలోనూ జరిగింది ఇదే. ఈ మాట కాస్త గట్టిగానే చెప్పాలి. మీరు ఉచితంగా చేసినందువల్ల, ఈ పనికి ఎంత సమయం, ఎంత నైపుణ్యం, ఎంత ఖర్చు కావాలో మీ కమిటీకి ఇప్పటికీ తెలియదు. ఆదివారం గంటన్నర ఆరాధన మాత్రమే వాళ్లకు కనపడుతుంది. దాని వెనక కీర్తనలు ఎంచడం, వాటిని క్వయర్‌కు నేర్పడం, వానాకాలం ఒక మీట అతుక్కుపోతే ముందురోజు రాత్రే వెళ్లి సరిచేయడం ఎవరి కంటా పడవు. అందుకే "రికార్డు పెట్టేద్దాం" అన్నంత తేలిగ్గా మాట వచ్చేసింది. ఆయన మనసు చెడ్డదై ఆ మాట అని ఉండరని నా నమ్మకం. ఆ పని ఎంతో ఆయనకు తెలియదు, అంతే.

కాబట్టి ఈ నెల ఒక నోటుబుక్కు పెట్టండి. చర్చి సంగీతం కోసం ఇంట్లో గానీ బయట గానీ గడిపిన ప్రతి గంటా రాయండి. పెళ్లి ఒకటి ఒప్పుకుంటే ఆ ఇంటివాళ్లతో ఫోన్లో మాట్లాడిన సమయం కూడా రాయాలి. ప్రాక్టీసుకు ముందు స్వరలిపి కాగితాలు కాపీ తీయించిన సమయం, పిల్లల క్లాసు అయ్యాక ఆలస్యంగా వచ్చే తల్లిదండ్రుల కోసం కూర్చున్న సమయం కూడా. నెలాఖరుకు ఆ పేజీలు కమిటీ ముందు పెట్టండి. మీకు జీతం ఇవ్వమని అడగడానికి కాదు. మీ సేవ మీరు దేవునికి ఇచ్చారు, దానికి వెల కట్టమని నేను చెప్పను. కానీ మీ తర్వాత వచ్చేవాళ్లు కూడా ఉచితంగానే చేయాలని మీరు గానీ కమిటీ గానీ అనుకుంటే అది న్యాయం కాదు. ఆ అమ్మాయికి 16 ఏళ్లు. రేపు చదువు, ఉద్యోగం, ఫీజులు ఉంటాయి. వాయించే ప్రతి ఆదివారానికి గౌరవవేతనం ఇవ్వడం, ఆర్గన్ పాఠాలకు సంఘమే ఖర్చు పెట్టుకోవడం, పెళ్లిళ్లకు వాయించేవాళ్లకు ఆ ఇంటివాళ్లే నేరుగా ఇచ్చే పద్ధతి పెట్టడం: ఈ మూడూ మీరు ఉండగానే, మీ మాటకు బరువు ఉండగానే, కమిటీ చేత రాయించండి. మీకోసం మీరు అడగలేదు గనుక, పక్కవాళ్లకోసం మీరు అడిగితే కాదనడం ఎవరికైనా కష్టం.

ఇందులో అపవిత్రమేమీ లేదు. ఉత్తర జర్మనీలోని ల్యూబెక్ నగరంలో, సెయింట్ మేరీ చర్చిలో, 1668 నుంచి డీట్రిక్ బుక్స్‌టెహూడె ఆర్గనిస్టుగా ఉండేవారు. క్రిస్మస్‌కు ముందు వచ్చే కొన్ని ఆదివారాల సాయంత్రాల్లో ఆయన నడిపిన కచేరీలకు ఊరంతా వచ్చేది. ప్రవేశం ఉచితం. కానీ గాయకులకు, వాద్యకారులకు అయ్యే ఖర్చును ఆ ఊరి వర్తకులు భరించేవారు. వినేవాళ్లకు ఉచితం, వాయించేవాళ్లకు కాదు. మీ వార్షిక కచేరీకి కూడా ఇదే పద్ధతి తీసుకురావచ్చు. చర్చికి రానివాళ్లు కూడా అందులో పాడుతున్నారు కాబట్టి, ఖర్చు మొత్తం చర్చి మీదే పడాల్సిన పని లేదు.

బుక్స్‌టెహూడె దగ్గర ఇంకో పాఠం కూడా ఉంది, ఇది మీరు జాగ్రత్తగా వినాలి. తన స్థానంలోకి వచ్చేవాడు తన పెద్ద కూతుర్ని పెళ్లి చేసుకోవాలని అక్కడ షరతు ఉండేది. 1703లో హాండెల్, మాతెసోన్ అనే ఇద్దరు యువ సంగీతకారులు చూడడానికి వచ్చి, షరతు విని వెనక్కి వెళ్లిపోయారు. 1705లో యువ సంగీతకారుడు యోహాన్ సెబాస్టియన్ బాఖ్ దాదాపు 400 కిలోమీటర్లు నడిచి ఆయన సంగీతం వినడానికి వచ్చాడు. నాలుగు వారాల సెలవు పెట్టి నెలల తరబడి ఉండిపోయాడు, ఆ ఉద్యోగం మాత్రం తీసుకోలేదు. మీరు అలాంటి షరతు పెట్టరు, తెలుసు. కానీ 34 ఏళ్ల పని చూసినవాళ్లకు పైకి చెప్పని ఒక షరతు కనపడుతూనే ఉంటుంది: "వచ్చేవాళ్లు ఈవిడలాగే అన్నీ చేయాలి." ఆదివారం, పెళ్లి, చావు, క్వయర్, పిల్లలు, కచేరీ. ఇవన్నీ ఒక్కరికే అప్పగించాలని చూస్తే ఎంత ఇష్టమున్నవాళ్లయినా గుమ్మంలోంచే వెనక్కి వెళ్లిపోతారు. పని విడదీయండి. ఆర్గన్ ఇద్దరికి, క్వయర్ ఇంకొకరికి, పిల్లల క్లాసు వేరొకరికి. నలుగురు కలిసి మీ ఒక్కరి పని చేయడం చూసి నొచ్చుకోకండి.

అయ్యగారు తలాంతుల మాట అన్నారు గదా. ఆయన్ను నొప్పించకుండా, ఆయన గ్రంథంలోంచే సమాధానం చెప్పవచ్చు. సంఖ్యాకాండము 8వ అధ్యాయం చివర్లో, దేవుని గుడార సేవకు కేటాయించిన లేవీయుల గోత్రం గురించి ఉంటుంది. వాళ్లు 25 ఏళ్లకు ప్రత్యక్ష గుడారం పనిలోకి వస్తారు. 50 ఏళ్లకు ఆ పని నుంచి విరమించుకోవాలి, ఆ తర్వాత తమ సహోదరులకు సాయంగా ఉండొచ్చు గానీ బరువు పని చేయకూడదు. విరమణను అక్కడ ఆజ్ఞగా రాశారు, ఎవరి ఇష్టానికీ వదిలేయలేదు. దినవృత్తాంతముల మొదటి గ్రంథం 25వ అధ్యాయం చూడండి. దావీదు కాలంలో గానసేవకు 288 మందిని పెట్టి, 24 వంతులుగా విడదీశారు, వంతుకు 12 మంది. పెద్దా చిన్నా, గురువూ శిష్యుడూ అన్న తేడా లేకుండా చీట్లు వేసుకున్నారు. నాకు ఆ అధ్యాయంలో ఎప్పుడూ నచ్చేది ఆ గురువూ శిష్యుడూ అన్న మాటే. ఎప్పుడో వాయించబోయేవాడు కూడా మొదటినుంచీ వంతుల లెక్కలో ఉన్నాడు. తలాంతును భూమిలో పాతిపెట్టడమంటే ఎవరికీ ఉపయోగపడకుండా దాచేయడం. మీరు ఇద్దరికి నేర్పబోతున్నారు. దాన్ని పాతిపెట్టడం అని ఏ పాస్టరూ అనలేరు.

రికార్డు పాటల విషయంలో మీ బాధ నాకు అర్థమైంది, న్యాయమైన బాధే. అంత్యక్రియల ఆరాధనలో శవపేటిక గుమ్మం దగ్గర ఆగిపోతుంది. మోసేవాళ్లు చేతులు మార్చుకుంటారు, వెనకాల ఒక ముసలావిడ నడవలేక నిలబడిపోతుంది. వాయిస్తున్న మనిషి ఆర్గన్ దగ్గరి అద్దంలోంచి అది చూసి, చివరి వరసను ఇంకోసారి, ఇంకా మెల్లగా తిప్పుతుంది. పేటిక బల్ల మీద ఆనిన తర్వాతే ముగిస్తుంది. రికార్డు నాలుగు నిమిషాలకు ఆగిపోతుంది, అప్పుడు హాల్లో వినపడేది చెప్పుల చప్పుడే. మామూలు ఆదివారం కూడా అంతే. రెండో చరణం అయ్యాక జనం ఊపిరి తీసుకోవడానికి ఎంత వ్యవధి ఇవ్వాలో ఆ రోజు ఎంతమంది వచ్చారు, ఎంతమంది వయసు పైబడినవాళ్లు అన్నదాన్ని బట్టి మారుతుంది. అది మీ చేతులకు తెలుసు.

అయినా ఒక మాట. వాయించేవాళ్లు ఎవరూ లేని ఆదివారం రికార్డు పెడితే ఆరాధన అపవిత్రమైపోదు. ఆ వెసులుబాటు ఉందని మీరే కమిటీకి చెప్పండి. మీకు జ్వరం వచ్చిన రోజున కూడా వణుకుతూ వెళ్లే పరిస్థితి అప్పుడు తప్పుతుంది. అసలు వాద్యమే లేకుండా ఒక కీర్తన పాడించి చూడండి. ఇన్నేళ్లు మీరు నేర్పిన గొంతులు అవి, నిలబడతాయి.

ఇప్పుడు ఆ ఇద్దరి గురించి. పియానో వచ్చినవాళ్లు ఆర్గన్ అంటే భయపడడం సహజం. భయం ఎక్కువగా కాళ్ల దగ్గర మొదలవుతుంది: కాళ్లతో వాయించే పెడల్స్ చూడగానే "ఇది నావల్ల కాదు" అనేస్తారు. అందుకని మొదటి కొన్ని నెలలు పెడల్స్ ఊసే ఎత్తకండి. చేతులతో మాత్రమే వాయించడం కూడా పూర్తి స్థాయి ఆర్గన్ వాయింపే. పెడల్ లేకుండా రాసిన పాత రచనలు బోలెడు ఉన్నాయని మీకు తెలుసు. ఆరాధనలో కీర్తనకు ఇంకా తేలిక దారి ఉంది. కుడిచేత్తో రాగం, ఎడమచేత్తో మంద్రపు గొంతు, రెండే గొంతులు. ఎనిమిదడుగుల స్టాప్‌తో పాటు నాలుగడుగుల స్టాప్ ఒకటి లాగితే, పై స్థాయి కూడా కలిసి మోగుతుంది కాబట్టి ఆ రెండు గొంతులే హాలంతా నిండినట్టు ఉంటాయి. సంఘంలో నూటికి తొంభై మందికి తేడా తెలియదు.

అసలు కష్టం వేళ్లలో ఉంటుంది. పియానోలో గట్టిగా కొడితే గట్టిగా పలుకుతుంది, వదిలాక కూడా కాలి కింది పెడల్‌తో ధ్వని నిలుస్తుంది. ఆర్గన్‌లో ఎంత గట్టిగా నొక్కినా ధ్వని మారదు. వేలు మీట మీద ఉన్నంతసేపూ ఒకే స్థాయిలో మోగి, ఎత్తగానే తెగిపోతుంది. పియానో అలవాటుతో వాయిస్తే పాట ముక్కలు ముక్కలుగా వినపడుతుంది. ఒక మీట నొక్కి ఉంచి, ధ్వని తెగకుండా దాని మీదే వేలు మార్చడం, అంటే మూడో వేలి స్థానంలోకి నాలుగో వేలు తీసుకురావడం, ఆ అమ్మాయికి మొదటి పాఠంగా నేర్పండి. మాస్టారికి మాత్రం వయసు దృష్ట్యా ఇది మెల్లగా వస్తుంది, తొందర పెట్టకండి. బడిలో ఏళ్ల తరబడి పాఠం చెప్పినవారు కాబట్టి, ఆయనకు క్వయర్ నడపడం బాగా కుదురుతుందేమో కూడా చూడండి.

ఇంకొకటి, దీన్ని ఆర్గన్ దగ్గర కూర్చుంటే తప్ప ఎవరూ నమ్మరు. గొట్టాలు ఒకచోట, జనం ఇంకోచోట, వాయించేవాళ్లు మరోచోట ఉంటారు కాబట్టి, వెనక వరసల పాట చెవికి కాస్త ఆలస్యంగా చేరుతుంది. కొత్తవాళ్లు ఆ ఆలస్యాన్ని విని, "జనం వెనకబడ్డారు, ఆగుదాం" అనుకుని లయ తగ్గిస్తారు. జనం ఇంకా తగ్గుతారు. నాలుగో చరణానికి పాట ఈడ్చుకుంటూ పోతుంది. వాళ్లను బెంచీ పక్కన నిలబెట్టి, మీరు వాయిస్తుండగా ఆ తేడా విననివ్వండి. చరణం చివరి స్వరం తర్వాత మీరు ఇచ్చే నిశ్శబ్దాన్ని వేళ్లమీద లెక్కపెట్టించండి. పుస్తకంలో దొరకని విద్య ఇదొక్కటే. ఇది మీతోనే ఆగిపోకూడదని నా కోరిక.

వాళ్లను ఆరాధనలోకి తీసుకొచ్చేటప్పుడు ఒక్కసారిగా కూర్చోబెట్టకండి. మొదట స్టాపులు లాగడం, పేజీలు తిప్పడం. తర్వాత ఆరాధనకు ముందు జనం వచ్చి కూర్చునేటప్పుడు ఒక చిన్న ముక్క, అప్పుడు ఎవరూ పాడరు కాబట్టి తడబడినా పరవాలేదు. ఆ తర్వాత సంఘానికి బాగా తెలిసిన ఒక కీర్తన. జనానికి బాగా వచ్చిన పాటైతే వాయించేవాళ్లు తడబడినా వాళ్లే లాక్కెళ్లిపోతారు. ఆరునెలలకు నెలలో ఒక ఆదివారం పూర్తిగా వాళ్లది. ఆ ఆదివారం మీరు ఆర్గన్ పక్కన ఉండకండి, వెనక వరసలో కూర్చోండి. తప్పు దొర్లితే తల తిప్పి చూడకండి. ఆ పిల్ల మీ ముఖమే చూస్తుంది.

వాద్యం గురించి కూడా ఒక పుస్తకం రాసిపెట్టండి. ప్రతి ఆర్గన్‌కూ వాయించేవాళ్లకు మాత్రమే తెలిసిన గుణాలుంటాయి. ఏ మీట వానాకాలం అతుక్కుంటుంది, అలా అతుక్కుని గొట్టం ఆగకుండా మోగుతుంటే ఏ స్టాప్ లోపలికి తోయాలి, గాలి మోటారు వేశాక ఎంతసేపు ఆగాలి, మరమ్మతుకు వచ్చేవాళ్లు కిందటిసారి ఏం మార్చారు. ఎండలు ముదిరినప్పుడు మామూలు గొట్టాల శ్రుతి పెరిగి, నాలుక ఉన్న రీడ్ గొట్టాలు అంతగా పెరగక, రెండూ కలిపితే అపశ్రుతి వినిపిస్తుంది. చెడిపోయిందని కంగారుపడి ఎవరైనా రీడ్లను తిప్పేస్తే, వాతావరణం చల్లబడ్డాక మళ్లీ మొదటికి వస్తుంది. ఇవన్నీ మీ తలలోనే ఉన్నాయి. మీరు లేనినాడు ఇవి ఎవరికీ తెలియకపోతే, చక్కటి వాద్యాన్ని "పాడైపోయింది" అని మూలన పెట్టేస్తారు. అలా మూలనపడ్డ ఆర్గన్లు చాలా ఉన్నాయి.

అన్నీ వదులుకోవాల్సిన పనీ లేదు. వాటిలో మీకు ఇప్పటికీ సంతోషం ఇచ్చేది ఏదో చూసుకోండి. ఉత్తరంలో ఆదివారాల గురించి రాసినప్పుడు బరువుగా రాశారు. చర్చికి రానివాళ్లను కూడా కలుపుకుని నడిపే ఆ బృందం గురించి రాసినప్పుడు అక్షరాలే మారిపోయాయి. అది ఉంచుకోండి. దానికి వేళ్ల బలం అక్కర్లేదు, చెవి కావాలి, ఓపిక కావాలి. వాయించడానికి ఆ అమ్మాయిని పెట్టుకుని, మీరు ముందు నిలబడి పాడించండి. ఎక్కడా కలవని మనుషులు వారానికొకసారి ఒకే శ్రుతిలో పాడుతున్నారంటే, అది ఆ చోటికి మీరు చేసిన పెద్ద మేలు. పిల్లల క్లాసు సంగతి మీ ఒంటిని బట్టి నిర్ణయించుకోండి.

కమిటీకి ఇచ్చే కాగితం పొడుగ్గా ఉండక్కర్లేదు. ఇలా రాస్తే చాలు: "ఫలానా తేదీ తర్వాత నేను ఆదివారం ఆరాధనల్లో ఆర్గన్ వాయించను. అప్పటిదాకా ఇద్దరికి నేర్పుతాను. వాళ్లకు గౌరవవేతనం, పాఠాల ఖర్చు గురించి కమిటీ మూడు నెలల్లోగా నిర్ణయం చెప్పాలని కోరుతున్నాను. నా నెల రోజుల పని వివరాలు జతచేశాను." క్షమించమని రాయకండి. ఆరోగ్యం గురించి నాలుగు పేరాలు కూడా వద్దు. కారణాలు ఎక్కువ చెబితే, ఒక్కోదానికీ ఒక్కో పరిష్కారం చూపించి మిమ్మల్ని మళ్లీ బెంచీ మీద కూర్చోబెడతారు. అయ్యగారికి మాత్రం కాగితం ఇచ్చే ముందు విడిగా కలిసి నోటితో చెప్పండి. పదిమందిలో మొదటిసారి వింటే ఎవరికైనా చిన్నతనంగా ఉంటుంది. ఆయనకు మీమీద ఉన్నది ఆధారపడే ప్రేమ, దాన్ని గౌరవించండి.

మీకు సన్మానం చేస్తామంటే వద్దనకండి. చాలామంది సేవ చేసినవాళ్లు మొహమాటంతో కాదంటారు. శాలువా కప్పించుకోండి, మీ మాట చెప్పమన్నప్పుడు ఆ ఇద్దరి పేర్లు పదిమందిలో చెప్పండి. సంఘం వాళ్లను ఆ రోజు నుంచి చూసే చూపు మారుతుంది.

చివరగా మీరు అడిగినది, చావు ఇంటివాళ్లు వచ్చి అడిగితే ఎలా కాదనడం. అందరికీ కాదనక్కర్లేదు. మీ క్వయర్‌లో పాడినవాళ్లు, మీ దగ్గర నేర్చుకున్నవాళ్లు, మీ ఇంటికి దగ్గరివాళ్లు పోతే, చేతులు సహకరిస్తే, వెళ్లి వాయించండి. ఆ వాయింపు ఎవరి వంతులోకీ రాదు, మీ మనసుకు సంబంధించినది. మిగతావాళ్లు అడిగితే, "నేను వాయించలేనండీ, కానీ మీ నాన్నగారికి ఇష్టమైన కీర్తనలేవో చెప్పండి, వాయించేవాళ్లకు నేనే చెప్పి సిద్ధం చేయిస్తాను" అనండి. ఆ సమయంలో వచ్చినవాళ్లకు నిజానికి కావాల్సింది ఎవరో ఒకరు కూర్చుని ఆ పాటల పేర్లు అడగడమే. ఆ పాటలు రాసిన చీటీని అదే సాయంత్రం ఆ అమ్మాయికి పంపండి, ఏ పాటను ఏ స్థాయిలో ఎత్తుకోవాలో పక్కనే రాసి.